ఉన్న డొమైన్ కదపకుంట సబ్‌డొమైన్ మీద ఫ్రీ సైట్ పెట్టుడెట్ల

వరంగల్ కొత్తవాడల నేసే షత్రంజీల (నేల మీద పరిచే మందం దుప్పట్లు) మీద ఒక చిన్న సైట్ అనుకోండ్రి. డిజైన్ల ఫోటోలు ఒక పేజీ, 2018ల జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చిన ముచ్చట ఇంకో పేజీ, లాగిన్ లేదు డేటాబేస్ లేదు. గింతదానికి నెలనెలా హోస్టింగ్ పైసలు కట్టుడు దండుగ, గిట్‌హబ్ పేజెస్‌ల (కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్ ఇచ్చే హోస్టింగ్) ఫ్రీగ నడుస్తది. మీ డొమైన్ మీద ఇప్పటికే మెయిల్ గిట్ల నడుస్తున్నా ఫికర్ లేదు, దాన్ని ముట్టుకోకుంట ముందట ఒక పేరు తగిలిస్తే చాలు, షత్రంజి డాట్ మీడొమైన్ డాట్ ఇన్ లెక్క.

గిట్‌హబ్‌ల కొత్త రిపో (సైట్ ఫైళ్లు పెట్టే ఫోల్డర్ లెక్కటిది) తెరిచి పబ్లిక్ పెట్టుండ్రి, ఫ్రీ అకౌంట్ల ప్రైవేట్ రిపోకు పేజెస్ రాదు. మీ సైట్ ఫైళ్లు దాంట్ల ఎక్కియ్యిండ్రి. మొదటి పేజీ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్, అన్నీ స్మాల్ లెటర్సే. విండోస్‌ల పెద్దక్షరం చిన్నక్షరం ఒక్కటే గనీ ఆడ కాదు, ఫోటో ఫైల్ చివర జేపీజీ క్యాపిటల్స్‌ల ఉండి మీరు కోడ్‌ల స్మాల్‌ల రాస్తే మీ కంప్యూటర్ల కనవడ్డ ఫోటో నెట్‌ల కనవడది. ఫోన్ల తీసిన ఫోటోలు అట్లనే ఎక్కియ్యకుండ్రి, నేత మంచిగ కనవడాలన్నా 1600 పిక్సెల్స్ వెడల్పు సాలు, సైట్ మొత్తం 1 జీబీ దాటొద్దు.

తర్వాత సెట్టింగ్స్‌ల పేజెస్, ఆడ మెయిన్ బ్రాంచ్, రూట్ ఫోల్డర్ ఎంచి సేవ్ కొడితే కొద్దిసేపట్ల గిట్‌హబ్ ఇచ్చిన అడ్రస్ మీద సైట్ లేస్తది.

ఇగ అసలు పని. ముందుగాల అదే పేజీల కస్టమ్ డొమైన్ డబ్బాల మీ సబ్‌డొమైన్ రాసి సేవ్ చెయ్యిండ్రి, ఆ తర్వాతనే డీఎన్ఎస్ (మీ పేరు ఏ సర్వర్‌కు పోవాల్నో చెప్పే పట్టిక) జోలికి పోవాలె. ఉల్టా చేస్తే మీ పేరు గిట్‌హబ్ దిక్కు చూపిస్తుంటది గనీ ఎవ్వరి రిపోకూ కట్టి ఉండది, ఎవడన్నా వచ్చి తన రిపోకు కట్టుకోవచ్చు. అకౌంట్ సెట్టింగ్స్‌ల డొమైన్ వెరిఫై చేసే ఆప్షన్ ఉంది, గిట్‌హబ్ ఇచ్చే ఒక టీఎక్స్‌టీ రికార్డ్ (చిన్న రాత) డీఎన్ఎస్‌ల పెడితే అయిపాయె, అది గూడ చేస్కోండ్రి.

డొమైన్ కొన్న కాడ డీఎన్ఎస్ ప్యానెల్ తెరిచి సీనేమ్ రికార్డ్ (ఒక పేరును ఇంకో పేరు దిక్కు మళ్లించేది) ఒక్కటి కలపాలె. పేరు కాడ షత్రంజి అని మాత్రమే రాస్తే సాలు, మిగిలింది చానా ప్యానెల్స్ అవే తగిలించుకుంటయి. వాల్యూ కాడ మీయూజర్‌నేమ్ డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ, దానికి ముందట హెచ్‌టీటీపీఎస్ వద్దు, ఎన్క స్లాష్ వద్దు, రిపో పేరు అసలే వద్దు, చానామంది తప్పేది ఈడనే. అదే పేరు మీద పాత రికార్డ్ ఏదన్నా ఉంటే తీసెయ్యిండ్రి, సీనేమ్ పక్కన ఇంకోటి ఇమడది. నేమ్‌సర్వర్లు, ఎంఎక్స్ రికార్డులు (మెయిల్‌కు దారి చూపేటివి) మాత్రం ముట్టకుండ్రి, మెయిల్ ఆగిపోతది. డీఎన్ఎస్‌కు క్లౌడ్‌ఫ్లేర్ వాడేటోళ్లు ఆ రికార్డ్ పక్కన నారింజ మబ్బు నొక్కి బూడిద రంగు చేసి పెట్టుకోండ్రి, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ వచ్చేదాక.

ఒక్కోపారి నిమిషాలల్ల అయితది, ఒక్కోపారి 24 గంటలు పడ్తది. డీఎన్ఎస్ చెక్ పాసైనంక ఎన్‌ఫోర్స్ హెచ్‌టీటీపీఎస్ టిక్కు పెట్టాలె, సర్టిఫికెట్‌కు పైస ఖర్చు లేదు. సైట్ వచ్చింది గనీ రంగులు, ఫోటోలు మాయమైతే కోడ్‌ల లింకులు చూడుండ్రి, మునుపటి అడ్రస్‌ల రిపో పేరు ఉండె, ఇప్పుడు లేదు, లింకులల్ల నుంచి గూడ తీసెయ్యాలె. రిపోల సీనేమ్ అని ఒక ఫైల్ దానంతటదే పుడ్తది, అది డిలీట్ చెయ్యకుండ్రి.

ఇంకోటి, గిట్‌హబ్‌ల ఆన్‌లైన్ అమ్మకాల దుకాణం నడుపుడు వాళ్ల రూల్స్‌కు ఒప్పది. రేపు ఆర్డర్లు, పేమెంట్లు అనుకుంటే నెట్లిఫై లెక్కటి వేరే హోస్టింగ్‌కు మార్చి, ఆడ గూడ మీ సబ్‌డొమైన్ రాసి, సీనేమ్ వాల్యూ మారిస్తే సరి, అడ్రస్ అదే ఉంటది.