సీలియాక్ ఉన్నవాళ్ల సంక్రాంతి: ముందు ఇంగువ డబ్బా తిప్పి చూడండి

సీలియాక్ అనే జబ్బు వల్ల గోధుమ పడనివాళ్లు బొబ్బట్లు, సేమ్యా పాయసం, రవ్వకేసరి ఎలాగూ ముట్టరు. దెబ్బ కొట్టేది పులిహోర! బియ్యమే కదా అని రెండోసారి కూడా వడ్డించుకుంటారు. కానీ పోపులో పడే ఇంగువపొడిలో చాలావరకు మైదా గానీ గోధుమపిండి గానీ కలిసి ఉంటుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. బియ్యప్పిండి కలిపిన రకం కూడా దొరుకుతుంది, అది కొనండి. దొరక్కపోతే ఇంగువ మానేసి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు కాస్త ఎక్కువ వేయండి.

అరిసెల దగ్గర చిక్కు పిండిమరతో. మనకన్నా ముందు గోధుమలు ఆడితే ఆ పిండి మర లోపల మిగిలి మన బియ్యప్పిండిలో కలుస్తుంది. కిలో బియ్యం ముందురోజు నానబెట్టి, నీళ్లు వంచేసి, తడి ఆరకముందే ఇంట్లో మిక్సీలో గుప్పెడు గుప్పెడుగా పట్టుకోండి. జల్లెడ మాత్రం కొత్తదే వాడాలి. పాతదాని సందుల్లో ఇరుక్కున్న గోధుమపిండి కడిగినా పూర్తిగా పోదు.

పూరీలు వేగిన నూనెలో గారెలు వేస్తే గారెలూ పనికిరావు. కొత్త నూనెలో ముందు గారెలు, బూరెలు వేసి పక్కన పెట్టుకున్నాకే పూరీల సంగతి. బూరెల తోపులో కరకరలాడాలని కొందరు మైదా కలుపుతారు, అడగండి.

"ఒక్క ముక్కకి ఏం కాదులే" అనే పెద్దమ్మలకు చెప్పాల్సిందొకటే: నొప్పి రాకపోయినా చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది.