సుప్రీంకోర్టు తీర్పులో పార్టీ ప్రభావం ఉందో లేదో పరిశీలించడం ఎలా?

విజయవాడ, గుంటూరు కళాశాలల్లో న్యాయశాస్త్రం చదివేవారు, తీర్పు వెలువడగానే న్యాయమూర్తిని ఎవరు నియమించారో చూసి నిర్ణయానికి రాకుండా, ముందుగా తీర్పు పూర్తి పాఠాన్ని, మరీ ముఖ్యంగా మెజారిటీతో విభేదించిన న్యాయమూర్తులు రాసిన భిన్నాభిప్రాయాన్ని చదవాలి.

అమెరికాలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులను అధ్యక్షుడు నియమిస్తే సెనేట్ ఆమోదిస్తుంది కనుక పార్టీతో పోలిక సులువు. 2000లో బుష్, గోర్‌ల మధ్య అధ్యక్ష ఎన్నికల వివాదాన్ని 5-4తో తేల్చిన అయిదుగురూ రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవారే. అయితే విభేదించిన నలుగురిలో ఇద్దరు కూడా అటువంటివారే. 1974లో వాటర్‌గేట్ కేసులో తన సంభాషణల టేపులు అప్పగించాలని అధ్యక్షుడు నిక్సన్‌ను 8-0తో ఆదేశించినవారిలో ముగ్గురు ఆయన నియమించినవారు. అందుచేత అనుకూలమైన ఉదాహరణలతో పాటు ఎదురు ఉదాహరణలనూ తప్పనిసరిగా నమోదు చేసుకోవాలి.

మన దేశానికి ఈ కొలత సరిపోదు. సుప్రీంకోర్టు 1993 తీర్పు తరువాత న్యాయమూర్తుల నియామకాలలో కొలీజియానిదే (సీనియర్ న్యాయమూర్తుల బృందానిదే) ప్రధాన పాత్ర కాబట్టి, ఇక్కడ కేసును ప్రధాన న్యాయమూర్తి ఏ ధర్మాసనానికి అప్పగించారు, అది విచారణకు రాకుండా ఎంతకాలం ఉంది అన్నవి చూడాలి. నా దృష్టిలో జాప్యం తీర్పంత బలమైనది. 1976లో అత్యవసర పరిస్థితి నాటి నిర్బంధాల కేసులో ఒంటరిగా విభేదించిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాను మరుసటి ఏడాది ప్రభుత్వం ప్రధాన న్యాయమూర్తి పదవి ఇవ్వకుండా పక్కన పెట్టింది. కనుక తీర్పుకు ముందు జరిగినదే కాక, తరువాత జరిగినదీ రాసుకోవాలి.

చివరగా, ఒకే న్యాయమూర్తి ఒకే రాజ్యాంగ ప్రశ్నపై వేర్వేరు పార్టీల ప్రభుత్వాల కాలంలో ఇచ్చిన తీర్పులను పక్కపక్కన పెట్టి, తర్కం మారిందా, వాస్తవాలు మారాయా అని పరీక్షించాలి.