ఇంగ్లీషు టెన్సులు: తప్పు ఎక్కడ పడుతోంది?

పన్నెండు టెన్సుల పట్టిక కంఠతా వచ్చినా మాట్లాడబోతే తడబడుతున్నారంటే లోపం జ్ఞాపకశక్తిది కాదు. తెలుగు క్రియ రూపాన్ని చూసి ఇంగ్లీషు టెన్సును ఎంచుకోవడమే చాలా తప్పులకు మూలం.

సమస్య: 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' అంటున్నారు.

కారణం: 'నిన్న చూశాను' అన్నా, 'ఆ సినిమా ఇదివరకే చూశాను' అన్నా తెలుగులో క్రియ మారదు. ఇంగ్లీషులో మాత్రం ఆ సమయం ముగిసిపోయిందా, ఇప్పటితో ముడిపడి ఉందా అన్నది తేల్చుకోవాలి.

పరిష్కారం: నిన్న, పోయిన వారం, 2019లో వంటి ముగిసిన సమయాన్ని చెబుతుంటే సింపుల్ పాస్ట్ వాడండి: 'ఐ సా హిమ్ యెస్టర్‌డే'. ఎప్పుడన్నది చెప్పకుండా అనుభవాన్నో ఫలితాన్నో చెబుతుంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్. 'ఐ హావ్ లాస్ట్ మై కీ' అంటే తాళంచెవి ఇంకా దొరకలేదని వినేవారు అనుకుంటారు. 'ఐ లాస్ట్ మై కీ' అంటే ఆ తర్వాత దొరికి కూడా ఉండవచ్చు. అన్నిటికన్నా ఎక్కువ సాధన చేయవలసింది ఈ తేడానే. అయితే అమెరికన్లు 'ఐ హావ్ జస్ట్ ఈటెన్' అనకుండా 'ఐ జస్ట్ ఏట్' అనడం విని కంగారుపడకండి. వారి వాడుకలో అది సరైనదే.

సమస్య: పాత సంగతి అనగానే 'హాడ్' వచ్చేస్తోంది.

కారణం: ఎంత పాతదైతే అంత 'హాడ్' అవసరమన్న అపోహ.

పరిష్కారం: దానికి పాతదనంతో పనిలేదు. గతంలోని ఒక ఘట్టానికి ముందే జరిగిపోయినదాన్ని చెప్పడానికే అది. 'వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హాడ్ లెఫ్ట్' అంటే మీరు చేరేసరికే రైలు వెళ్లిపోయింది. 'హాడ్' తీసి 'ద ట్రెయిన్ లెఫ్ట్' అంటే మీరు చేరాక కదిలిందన్న అర్థం వస్తుంది. ఒక్క సంఘటనే చెబుతుంటే 'ఐ వెంట్ దేర్ లాస్ట్ ఇయర్' చాలు.

సమస్య: 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్'.

కారణం: 'పదేళ్లుగా ఉంటున్నాను'లోని 'ఉంటున్నాను'ను ఉన్నదున్నట్లు దింపడం.

పరిష్కారం: 'ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్'. ఎంతకాలమో చెబితే 'ఫర్', ఎప్పటినుంచో చెబితే 'సిన్స్'.

చిన్నవి మరో మూడు. 'నో' (తెలిసి ఉండు), 'బిలీవ్' (నమ్ము) వంటి స్థితిని తెలిపే క్రియలకు మామూలుగా 'ఇంగ్' చేరదు. 'డిడ్' వచ్చాక క్రియ మూలరూపంలోనే ఉండాలి: 'డిడ్ యూ గో?' షరతు చెప్పే 'ఇఫ్' భాగంలో భవిష్యత్తుకు సాధారణంగా 'విల్' పెట్టరు: 'ఇఫ్ హి కమ్స్, ఐ విల్ టెల్ హిమ్'.