థండర్‌బర్డ్‌లో 11 జీబీ ఇన్‌బాక్స్‌ను దారికి తెచ్చిన పద్ధతి

బెంగళూరు జయనగర్‌లో మా ఆడిట్ ఆఫీసు మెయిల్‌ను థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో చూస్తాం. అది పాప్ ఖాతా, అంటే మెయిళ్లు మా కంప్యూటర్లోకే దిగుతాయి. ఇన్‌బాక్స్ 11 జీబీకి చేరి ఫోల్డర్ తెరుచుకోవడమే కష్టమైంది. పాత మెయిళ్లు ఎన్ని తీసేసినా సైజు తగ్గలేదు. కారణం మెయిళ్లు దాచే ఎంబాక్స్ పద్ధతి: ఫోల్డర్ మొత్తం ఒకే ఫైలు. డిలీట్ కొడితే తీసేసినట్టు గుర్తు పడుతుంది, అంతే. కాంపాక్ట్ చేసేదాకా (అంటే తీసేసినవాటిని ఫైల్లోంచి నిజంగా తొలగించేదాకా) మెయిల్ ఆ ఫైల్లోనే ఉంటుంది.

ముందు థండర్‌బర్డ్ మూసి ప్రొఫైల్ ఫోల్డర్ (మెయిళ్లు, సెట్టింగ్స్ ఉండే చోటు) మొత్తం బయటి డిస్క్‌కు కాపీ చేశాను. ఆ డిస్క్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ, అంతకు మించిన ఫైలు ఎక్కదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ డిస్క్ వాడండి.

తర్వాత ఖాతా సెట్టింగ్స్‌లో ఆర్కైవ్‌ను (పాత మెయిళ్లు విడిగా దాచే చోటును) ఏడాదికో ఫోల్డర్‌గా పెట్టి, ఒక్కో ఏడాది మెయిళ్లు ఎంచుకుని కీబోర్డుపై A మీట నొక్కి ఆర్కైవ్‌కు పంపాను. అన్నీ ఒకేసారి జరపకండి. జరిపిన మెయిల్ పాత ఫైల్లోనూ మిగిలే ఉంటుంది కాబట్టి డిస్క్ నిండిపోతుంది. కాంపాక్ట్ కూడా కొత్త ఫైలు పూర్తిగా రాశాకే పాతది తీసేస్తుంది. డిస్క్‌లో ఇన్‌బాక్స్ సైజంత ఖాళీ లేకపోతే అది పూర్తికాకపోవచ్చు. ఒక ఏడాది జరపడం, కాంపాక్ట్ చేయడం, మళ్లీ ఇంకో ఏడాది: ఇదే సురక్షితం.

అసలు బరువు అటాచ్‌మెంట్లదే. అటాచ్‌మెంట్‌ను అక్షరాలుగా మార్చి పంపే బేస్64 పద్ధతిలో 3 బైట్లు 4 అక్షరాలవుతాయి, అంటే 3 ఎంబీ ఇన్‌వాయిస్ పీడీఎఫ్ మెయిల్లో 4 ఎంబీ దాటుతుంది. సైజు కాలమ్‌తో వరుస పెట్టి, పెద్దవాటిని డిటాచ్‌తో (మెయిల్లోంచి విడదీసి) కంప్యూటర్లోని క్లయింట్ ఫోల్డర్లలోకి తీశాను.

మెయిళ్ల జాబితా తప్పుగా కనిపిస్తే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రిపేర్ ఫోల్డర్ నొక్కండి, ఆ జాబితాను నడిపే ఇండెక్స్ మళ్లీ తయారవుతుంది. యాంటీవైరస్ స్కాన్ నుంచి మాత్రం ప్రొఫైల్ ఫోల్డర్‌ను మినహాయించండి. ఒక్క వైరస్ మెయిల్ కోసం అది ఇన్‌బాక్స్ ఫైలు మొత్తాన్నీ క్వారంటైన్ చేసే (అందకుండా పక్కన పెట్టే) ప్రమాదం ఉంది.