మట్టిలో పురుగుల్ని బల్బుతో కిందికి దింపడం ఎలా

డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. నా పీహెచ్‌డీ కూడా మట్టిలో బతికే చిన్న పురుగుల మీదే. ఏటా పిల్లల నుంచి ఒకటే ఫిర్యాదు: "మేడమ్, ఎంత తవ్వినా వానపాములు తప్ప ఏమీ కనపడట్లేదు." తవ్వితే కనపడవమ్మా. వాటంతట అవే దిగివచ్చేలా చెయ్యాలి.

1905లో ఇటలీలో బెర్లీస్ అనే ఆయన గరాటులో మట్టి పోసి, చుట్టూ వేడినీళ్ళ తొట్టి పెట్టి ఈ పని చేశాడు. తర్వాత స్వీడన్‌కు చెందిన టుల్‌గ్రెన్ వేడినీళ్ళకు బదులు పైన బల్బు పెట్టాడు. మట్టి పైనుంచి ఎండుతూ వస్తుంటే తడి కోసం పురుగులు కిందికి జరుగుతాయి, చివరికి గరాటులోంచి జారి కప్పులో పడతాయి.

రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాను మెడ కింద కోసి, పైభాగాన్ని తలకిందులుగా కింది ముక్కలో కూర్చోబెడితే గరాటు తయారు. అందులో రెండు మిల్లీమీటర్ల కన్నాలున్న జాలి ముక్క పరవండి. పైన 25 వాట్ల పాత పసుపు బల్బు. ఎల్‌ఈడీ మాత్రం వద్దు, దానికి వేడి చాలదు. మొదటిసారి ఇంట్లో పెట్టినప్పుడు నేను చేసిన తప్పు అదే. మూడు రోజులు కాచుకుంటే కప్పులో ఒక్క చీమ కనపడింది. అది కూడా మా వంటింటి చీమేనని నా అనుమానం.

మట్టి కోసం తొలకరి తర్వాత కానుగ చెట్టు కిందికో మామిడి చెట్టు కిందికో వెళ్ళండి. ఆకులు మగ్గి నల్లబడిన చోట రెండంగుళాల మందాన, చిదమకుండా, అట్లకాడతో ముక్కలా లేపండి. ఇంటికి తెచ్చాక దాన్ని జాలి మీద బోర్లా పెట్టాలి. మట్టిలో సందులు పైపొరలోనే వెడల్పుగా ఉంటాయి కాబట్టి అటువైపు కిందికుంటే పురుగులకు దారి సులువు. ముక్క సీసా గోడలకు తగలకూడదు. తగిలితే అక్కడ చెమ్మ పట్టి, చిన్న పురుగులు ఆ నీటిబొట్లకే అతుక్కుపోతాయి. రాలే మట్టంతా రాలిపోయాక, అప్పుడు కింద తడి టిష్యూ వేసిన కప్పు పెట్టండి.

బల్బు మొదటిరోజు జానెడు ఎత్తులో ఉండాలి. తొందరపడి దగ్గర పెడితే పురుగులు దిగేలోపే ఉన్నచోటే ఎండి చచ్చిపోతాయి. రోజూ కాస్త కాస్త దించండి, కానీ ఎండాకులకు మాత్రం ఎప్పుడూ తగలనివ్వకండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, రాత్రి పడుకునేముందు ఆపేయండి. నాలుగైదు రోజులు పడుతుంది.

కప్పులోకి పది రెట్ల భూతద్దంతో చూడండి. గసగసాల కంటే చిన్నగా, నున్నగా, ముదురు గోధుమరంగులో మెల్లగా నడిచేవి మైట్స్. కార్తె వానలకు బయటికొచ్చే ఆరుద్ర పురుగుకు చుట్టాలు, పెద్దయ్యాక వీటికీ ఎనిమిది కాళ్ళే. తెల్లగా, పొడుగ్గా ఉన్నదాన్ని బ్రష్ కొసతో తాకితే ఉన్నట్టుండి మాయమైందా? అది స్ప్రింగ్‌టెయిల్. పొట్ట కింద మడిచి పెట్టుకున్న పంగలకర్ర లాంటి తోకను నేలకేసి కొట్టి ఎగురుతుంది.

నాకు ప్రాణం స్ప్రింగ్‌టెయిల్సే. ఫాల్సోమియా కాండిడా అనే జాతిలో దాదాపు అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. దీని వెనక ఉన్నది వాటి ఒంట్లో కాపురముండే వోల్‌బాకియా అనే బ్యాక్టీరియా. 1924లో దోమల్లో మొదట చూసింది కూడా దీన్నే. యాంటీబయోటిక్ పెట్టి దాన్ని చంపితే ఫాల్సోమియా గుడ్లు పొదగవు! అలాగని మీ కప్పులో తెల్లగా కనపడ్డదల్లా ఫాల్సోమియా అనుకోకండి.

ఈ బ్యాక్టీరియా భూతద్దానికి అందదు, డీఎన్‌ఏ పరీక్ష చెయ్యాల్సిందే. మీ కాలేజీలో ఆ వసతి ఉంటే పురుగుల్ని 95 శాతం ఆల్కహాల్‌లో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆల్కహాల్ సీసాను మాత్రం బల్బు దరిదాపుల్లోకి తేకండి. సర్జికల్ స్పిరిట్‌ను ఈ పనికి నమ్ముకోకండి. పురుగు లేకుండా ఉత్త ఆల్కహాల్ ట్యూబు ఒకటి కూడా పంపండి. అందులోనూ బ్యాక్టీరియా కనపడితే అది పనిలో ఎక్కడో బయటి నుంచి కలిసిందన్నమాట.

లేబుల్ పెన్సిల్‌తోనే రాసి ట్యూబులో వెయ్యండి. నేను ఒక వానాకాలం శాంపిళ్ళన్నిటికీ బాల్‌పెన్నుతో రాశాను. తీసి చూస్తే తెల్ల కాగితాలు, నీలం ఆల్కహాల్.