పాత ఆడియో సిస్టమ్‌లో ఏది మార్చాలి, ఏది ఉంచాలి

కొత్త ఆంప్లిఫయర్ కొనేముందు ఒక్కరోజు ఆగండి. ఇరవై ఏళ్ల సిస్టమ్ మునుపటిలా మోగట్లేదంటే చాలాసార్లు అందులో ఏదో అరిగిపోయిందనే అర్థం, అది పనికిరాకుండా పోయిందని కాదు.

ముందు స్పీకర్ల మీది జాలీ తీసి చూడండి. కోన్ (స్పీకర్ మధ్యలో గరాటులా ఉండే పొర) చుట్టూ ఉండే మెత్తటి అంచు ఫోమ్‌ది అయితే పదిహేను, ఇరవై ఏళ్లకి పొడిబారి, వేలు తగిలితే చాలు ముక్కలై రాలిపోతుంది. బేస్‌లో బరబరమనే చప్పుడుకి చాలాసార్లు కారణం ఇదే. ఆ అంచు ఒక్కటే కొత్తది అంటించొచ్చు, స్పీకర్ పారేయక్కర్లేదు. రబ్బరుదైతే ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది.

ఒక పక్క సౌండ్ తేడాగా ఉందా? ఆంప్లిఫయర్ ఆఫ్ చేసి, దాని వెనక కుడి ఎడమ స్పీకర్ వైర్లు అటుదిటు మార్చి మళ్లీ పెట్టండి. తేడా రెండో స్పీకర్‌లోకి పోతే లోపం ఆంప్లిఫయర్‌లోనో, ప్లేయర్‌లోనో ఉన్నట్టు. అదే స్పీకర్‌లో ఉండిపోతే ఆ స్పీకర్‌దో, దాని వైరుదో. అయిదు నిమిషాల పని, కానీ ఇది చేయకుండానే డబ్బు తగలేసేవాళ్లే ఎక్కువ. వాల్యూమ్ తిప్పితే గరగరమంటే ప్లగ్ పీకేసి, నాబ్ లోపలికి కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రికల్ భాగాలు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి, దాన్ని చివరి నుంచి చివరికి పదిసార్లు తిప్పండి. ఎప్పుడూ హమ్‌మనే మోత వస్తుంటే ఆంప్లిఫయర్ లోపల కరెంటుని నిలవ ఉంచే భాగాలు, అంటే కెపాసిటర్లు పోయి ఉండొచ్చు. అది మాత్రం మెకానిక్‌కే ఇవ్వండి, ప్లగ్ పీకాక కూడా వాటిలో కరెంటు నిలిచి ఉంటుంది, దయచేసి మీరు చెయ్యి పెట్టకండి.

అన్నీ బాగానే ఉన్నా సౌండ్ నచ్చట్లేదంటే స్పీకర్లని జరిపి చూడండి. నావి మూలల్లో ఉండేవి, బేస్ బుంయ్‌మని పాట మీద పడిపోయేది, అమ్మేద్దామనే అనుకున్నాను. గోడకి అడుగున్నర దూరం జరిపి, ట్వీటర్ (సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్) చెవి ఎత్తులో ఉండేలా పెట్టాక గొంతు విడిగా, శుభ్రంగా వినిపించింది.

ఇంతా చేశాక కొనాలనిపిస్తే ముందు స్పీకర్లే కొనండి. ఎందుకంటే ఆంప్లిఫయర్ మార్చి 50 వాట్ల నుంచి 100 వాట్లకి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే చెవికి కొంచెమే తెలుస్తుంది. రెట్టింపు గట్టిగా వినిపించాలంటే సుమారు పది రెట్ల పవర్ కావాలి. అదే 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ (అంతే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందనే లెక్క) ఉన్న స్పీకర్ల బదులు 89వి తెచ్చుకుంటే ఆ 3 డెసిబెల్స్ ఆంప్లిఫయర్‌ని ముట్టుకోకుండానే వచ్చేస్తాయి. 4 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డుకి కొలత) స్పీకర్లు కొనేటప్పుడు మాత్రం మీ ఆంప్లిఫయర్ వెనక ఏం రాసుందో చూసుకోండి, 8 ఓమ్స్‌కే చేసినదైతే వేడెక్కిపోతుంది.

బ్లూటూత్ లేదని సిస్టమ్ మార్చొద్దు, చిన్న బ్లూటూత్ రిసీవర్ తెచ్చి ఆంప్లిఫయర్ ఆక్స్ సాకెట్‌లో (బయటి ప్లేయర్లు కలిపేది) పెడితే సరిపోతుంది. ఆంప్లిఫయర్ మార్చాల్సింది విడిభాగాలు దొరకనప్పుడు, లేదా బాగుచేయించే ఖర్చు అలాంటిదే ఇంకొకటి వచ్చేంత అయినప్పుడు.