నైరోబి వెళ్తున్నారా? ముందు స్వెటర్ సర్దండి

మొన్న తెలిసిన కుటుంబం ఒకటి జూలైలో కెన్యా వెళ్తూ నాకు ఫోన్ చేసింది. నేను నైరోబిలో నాలుగేళ్లు ఉద్యోగం చేసి వచ్చాను కాబట్టి జాగ్రత్తలు చెప్పమని అడిగారు. పెట్టెలో ఏం సర్దారంటే దోమల క్రీము ఆరు ట్యూబులట, స్వెటర్ ఒక్కటీ లేదట. పిల్లాడైతే ఊళ్లోకి సింహాలు వస్తాయా అని పక్క నుంచి అరుస్తున్నాడు.

నైరోబి సముద్రమట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉంది, అంటే మన అరకు కంటే చాలా పైన. జూలై, ఆగస్టుల్లో పగలంతా మబ్బు పట్టి ఉంటుంది, రాత్రి పది పన్నెండు డిగ్రీలకు దిగుతుంది. ఇళ్లలో హీటర్లు ఉండవు. ఆ ఎత్తు, ఆ చలి వల్లే నగరంలో మలేరియా బాగా తక్కువ. అయితే మొంబాసా, కిసుము, మసాయి మారా వైపు వెళ్లేవాళ్లకు ఆ భయం నిజమే. మాత్రలు ఏవి, ఎప్పటి నుంచి వేసుకోవాలో బయల్దేరే ముందే డాక్టరును అడగండి. తిరిగొచ్చిన నెలకు జ్వరం వచ్చినా సరే, డాక్టరుకు మొదటి మాటగా కెన్యా వెళ్లొచ్చానని చెప్పాలి.

అందరూ మరిచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. దీంతో చిక్కు అక్కడ దిగినప్పుడు కాదు, ఇక్కడికి తిరిగొచ్చినప్పుడు. ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో మన ప్రభుత్వం కెన్యాను పెట్టింది. కార్డు లేకుండా దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది కాబట్టి టికెట్ కొన్న వారమే ఆ పని చూసుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. గర్భిణులు, తొమ్మిది నెలల లోపు పిల్లలు, అరవై దాటినవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. కార్డు మీద పేరు, పాస్‌పోర్ట్ నంబరు తప్పు పడ్డాయేమో అక్కడే నిలబడి చూసుకోండి.

వీసా బదులు 2024 జనవరి నుంచి ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వ సైటును పోలిన ప్రైవేటు సైట్లు రెండు మూడింతలు గుంజుతాయి, చూసి కట్టండి.

ఆవకాయ జాడీకి నాలుగు ప్లాస్టిక్ కవర్లు చుట్టే అలవాటు మనది. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, జరిమానా లక్షల షిల్లింగుల్లో ఉంటుంది, జైలు కూడా రాసి ఉంది. గుడ్డ సంచులు పట్టుకెళ్లండి. ఎయిర్‌పోర్టులో కొన్న వస్తువుల కవరు కూడా దిగేటప్పుడు వదిలేయాలి.

ఇప్పుడు అసలు సంగతి, ఫోన్. నాలుగేళ్లలో మా ఆఫీసు వాళ్ల దగ్గర పోయినవాటిలో పదికి ఎనిమిది ఫోన్లే. నాది రెండో వారమే పోయింది. టామ్ ఎంబోయా స్ట్రీట్‌లో మటాటు ఆగి ఉంది. మటాటు అంటే మన షేర్ ఆటోకు పెద్దన్న లాంటి వ్యాను. ఒళ్లంతా బొమ్మలు, లోపల చెవులు పగిలే పాటలు. కిటికీ పక్క సీట్లో కూర్చుని మ్యాప్ చూస్తున్నాను. బయటి నుంచి ఒక చెయ్యి వచ్చింది, ఫోన్ వెళ్లింది. నేను అరిచేలోపు అతను జనంలో కలిసిపోయాడు. పక్క సీటు పెద్దావిడ నా వైపు జాలిగా చూసి "పోలే" అంది. పాపం అని అర్థం. అప్పటి నుంచి ఇవి పాటించాను: రోడ్డు మీద ఫోన్ తీయాల్సి వస్తే ఏదైనా షాపులోకి వెళ్లి తీయడం, బండిలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అద్దాలు పైకి ఎత్తడం, బోడాబోడా అనే బైక్ టాక్సీ వెనక నుంచి వస్తుంటే చేతి సంచి గోడ వైపు మార్చుకోవడం. కోఠిలో చేసే జాగ్రత్తే, కాస్త ఎక్కువ మోతాదులో.

బంగారం సంగతి ఆడవాళ్లకు చెప్తే నొచ్చుకుంటారు గానీ చెప్పక తప్పదు. అక్కడ భారతీయులను ముహిందీ అంటారు, ముహిందీ అంటే డబ్బున్నవాడని చాలామంది లెక్క. గొలుసు, గాజులు ఇంట్లో పెట్టండి. మంగళసూత్రం తీయనంటారా, లోపలికి వేసుకుని మీద చున్నీ కప్పుకోండి.

సిటీ సెంటర్లో, అందులోనూ రివర్ రోడ్ వైపు, పగలు తిరిగినా చీకటి పడ్డాక నడవకండి. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడవునా సూర్యుడు దాదాపు ఆరున్నరకే దిగుతాడు. మునిమాపు అంటూ పెద్దగా ఉండదు, ఏడుకల్లా చిమ్మచీకటి. "ఇంకా వెలుతురుంది కదా" అనుకుని బయల్దేరితే సగం దారిలో దీపం ఆర్పేసినట్టవుతుంది. రాత్రిపూట యాప్ టాక్సీయే మేలు. ఎక్కే ముందు నంబరు ప్లేటు సరిచూసుకోండి.

వీధిలో ఎవరైనా మాట కలిపి, కష్టాలు చెప్పుకుని, టీ తాగుదాం రమ్మంటే మర్యాదగా తప్పుకోండి. కాసేపటికి మామూలు బట్టల్లో "పోలీసులు" దిగి, నువ్వు మాట్లాడింది నేరస్థుడితో, జరిమానా కట్టు అనడం అక్కడ పాత మోసం. వాళ్ల కారు ఎక్కొద్దు. స్టేషన్‌కే వెళ్దామని గట్టిగా అనండి, పక్కనే హోటలో బ్యాంకో ఉంటే గార్డు దగ్గరికి నడవండి. పాస్‌పోర్ట్ కాపీ జేబులో ఉంచుకోండి. నిజం పోలీసే కిటు కిడోగో, అంటే చిన్నదేదైనా, అడగడమూ ఉంది. చాయ్ అని కూడా అంటారు. మన "టీ ఖర్చులు" హిందూ మహాసముద్రం దాటినట్టుంది. రసీదు ఇవ్వండి అంటే చాలాసార్లు వదిలేస్తారు.

బార్లో గ్లాసు వదిలి లేవకండి. మత్తుమందు కలిపి దోచుకోవడాన్ని అక్కడి యాసలో మ్చేలే అంటారు. ఆ మాటకు అసలు అర్థం బియ్యం.

మన ఫోన్‌పే అక్కడి కొట్లలో చెల్లదు. అక్కడ రాజ్యమేలేది ఎం-పెసా. ఫోన్‌తో డబ్బు పంపే ఈ పద్ధతిని సఫారీకామ్ అనే ఫోన్ కంపెనీ 2007లో మొదలుపెట్టింది, మనం నోట్లు లెక్కపెట్టుకుంటున్న రోజుల్లోనే అక్కడ కూరగాయలమ్మికి ఫోన్‌తో డబ్బులిచ్చేవాళ్లు. పాస్‌పోర్ట్ చూపించి సిమ్ తీసుకుంటే మీకూ వస్తుంది. డబ్బు పంపేటప్పుడు తెరమీద పేరు చూశాకే ఒప్పుకోండి. "పొరపాటున మీకు డబ్బు వచ్చింది, తిప్పి పంపండి" అని మెసేజ్ వస్తే ముందు బ్యాలెన్స్ చూసుకోండి, సాధారణంగా ఏమీ వచ్చి ఉండదు.

ఇంకో తికమక సమయం. మనకంటే రెండున్నర గంటలు వెనక, అంతవరకు సులువే. స్వాహిలీలో మాత్రం గంటలు పగలైతే పొద్దు పొడిచినప్పటి నుంచి, రాత్రయితే పొద్దు గుంకినప్పటి నుంచి లెక్కపెడతారు. సా మోజా, అంటే ఒకటో గంట, మన ఉదయం ఏడు. ఒక డ్రైవరుతో "సా కుమి న మోజా" అని ఒప్పుకుని, పదకొండుకు వస్తాడని హాయిగా పడుకున్నాను. తెల్లవారి అయిదింటికే తలుపు బాదాడు. ఎవరైనా టైం చెబితే "ఇంగ్లీష్ టైమా, స్వాహిలీ టైమా" అని అడగండి, అదేమీ తప్పుగా అనుకోరు. హబారి అని పలకరించకుండా నేరుగా పని అడిగితేనే తప్పుగా అనుకుంటారు.

వెళ్లే తేదీలు కూడా చూసుకోండి. పన్నుల బిల్లు మీద 2024 జూన్ 25న యువకులు పార్లమెంటులోకి చొచ్చుకెళ్లారు. ఏటా ఆ తేదీకీ, పాత ప్రజాస్వామ్య నిరసనలను గుర్తుచేసుకునే జూలై 7కీ సిటీ సెంటర్ మూతపడే అవకాశం ఉంది, ఆ రోజుల్లో ఎయిర్‌పోర్ట్ ప్రయాణం పెట్టుకోవద్దు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, 2024లో వరదలే వచ్చాయి. వాన పడితే మటాటు ఛార్జీ పెరుగుతుంది, అరగంట దారి రెండు గంటలవుతుంది. మాల్ గుమ్మంలో సంచి వెతికితే విసుక్కోకండి. 2013లో వెస్ట్‌గేట్ మాల్ మీద జరిగిన దాడిలో 67 మంది పోయారు.

తిండికి టెన్షన్ అక్కర్లేదు. 1896 నుంచి అక్కడ రైలు దారి వేసిన భారతీయ కూలీల కాలం నుంచీ చపాతీ, చాయ్, సమోసా అక్కడి మాటలైపోయాయి. ఉగాలి మన సంకటికి వరసకు తమ్ముడు, మొక్కజొన్న పిండితో చేస్తారు. శాకాహారులు "సిలి న్యామా" అనాలి, మాంసం తిననని. చికెన్ కూడా వద్దని విడిగా చెప్పాలి, దాన్ని మాంసం లెక్కలో వేయనివాళ్లున్నారు. కుళాయి నీళ్లు తాగొద్దు. ఎమర్జెన్సీకి 999 లేదా 112.

ఇక పిల్లాడు అడిగిన సింహం. నగరం అంచునే 117 చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్క్ ఉంది, దక్షిణం వైపు కంచె లేదు. 2016లో ఒక సింహం మొంబాసా రోడ్డు మీదికే వచ్చి ఒకతన్ని గాయపరిచింది. అలాంటిది ఎప్పుడో గానీ జరగదు. పార్కులో అనుమతించిన చోట తప్ప కారు దిగకండి. నేను సింహం కోసం చూస్తూ అద్దం దించి కూర్చుంటే, ఒళ్లో ఉన్న పులిహోర పొట్లాన్ని ఒక బబూన్ కోతి లాక్కుని బానెట్ మీద కూర్చుని తిన్నది. పల్లీలు ఏరి పక్కన పెట్టింది.